బైబిల్లోని ప్రవక్తల గ్రంథాల్లో దేవుడు అస్తమానం శిక్షిస్తానని ఎందుకంటాడు? అది కోపమేనా?

కోపం ఉంది, కాదనలేం. కానీ ఎవరి మీద, ఎందుకు అన్నది చూడాలి. తెకోవ ఊరి పశువుల కాపరి, మేడిపండ్లు ఏరుకునే ఆమోసు ప్రవక్త ఉత్తర ఇశ్రాయేలుకు వెళ్లి మాట్లాడిన కాలంలో అక్కడ డబ్బుకి లోటు లేదు, పండగలూ బలులూ ఘనంగా జరుగుతున్నాయి, అయినా చెప్పుల జోడు కోసం పేదవాణ్ణి అమ్మేస్తున్నారు, తూకాల్లో మోసం చేస్తున్నారు. దేవుడి తీర్పు మొదట నిలదీసేది దీని గురించే. ఆ రాజ్యం క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు సామ్రాజ్యం చేతిలో కూలిపోయింది.

రెండోది, నాకు చాలా ముఖ్యమనిపించేది: హెచ్చరిక అంటేనే మారడానికి టైమ్ ఇవ్వడం. యోనా ప్రవక్త నలభై రోజుల్లో అష్షూరువాళ్ల మహా పట్టణం నీనెవె నాశనమవుతుందన్నాడు, జనం మారారు, దేవుడు ఆ పని మానుకున్నాడు. కుమ్మరి ఇంటి దగ్గర యిర్మీయా విన్నదీ ఇదే: ఒక జనం చెడుతనం విడిచిపెడితే చెప్పిన కీడు రాదు. దుష్టుడు చావడం నాకు సంతోషం కాదు, అతను మనసు తిప్పుకుని బతకాలి అని యెహెజ్కేలు గ్రంథంలో దేవుడే అంటాడు, అదీ బబులోను చెరలో బందీలుగా ఉన్నవాళ్లతో.

అన్ని చోట్లా ఇలాగే ఉండదు. నహూము ప్రవక్త గ్రంథంలో అదే నీనెవెకి ఇక అవకాశం లేదు. క్రీ.పూ. 612లో అది పడిపోయింది, దాని క్రౌర్యం అనుభవించిన జనాలకి ఆ వార్త ఊరట.