యురేనియం తవ్విన ఊరు, ఇప్పుడు రిటైరైనవాళ్ల ఊరు

మీ ప్రశ్నలు, మా జవాబులు

గనులు మూతపడ్డాక ఊళ్లు ఏమవుతాయని ఈ మధ్య చాలామంది రాస్తున్నారు. అందులోనూ కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోని ఎలియట్ లేక్ గురించి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి కాబట్టి ఈసారి కాలమ్ మొత్తం ఆ ఊరికే ఇచ్చేశాం.

ప్రశ్న: మేం టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో ఉంటాం. మా ఆఫీసులో ఒకావిడ అమ్మానాన్నలు ఇక్కడి ఇల్లు అమ్మేసి ఎలియట్ లేక్ అనే ఊరికి వెళ్లిపోయారు. సరస్సులు, అడవి, తక్కువ ఖర్చు, అంతా పెద్దవాళ్లే అంటోంది. ఒకప్పుడు అది గనుల ఊరట కదా, ఇలా ఎలా మారింది?

గనుల కోసం తప్ప ఆ ఊరు ఇంకెందుకూ పుట్టలేదండి. సడ్బరీ అనే నగరం నుంచి పడమరగా 17వ నంబరు హైవే పట్టుకుని వెళ్లి, 108వ నంబరు రోడ్డులో ఉత్తరానికి తిరిగి అడవిలోకి పోతే వస్తుంది. సడ్బరీ నుంచి 160 కిలోమీటర్లు ఉంటుంది. 1955కు ముందు అక్కడ ఊరు లేదు. యురేనియం దొరికాక ప్రభుత్వమే ప్లాన్ గీయించి, పక్కనున్న చిన్న సరస్సు పేరే పెట్టి ఊరు కట్టించింది. జనం ఎంత వేగంగా వచ్చారంటే ఇళ్లు అందక కొన్నాళ్లు ట్రైలర్లలో, టెంట్లలో కాపురాలు చేశారు. 1950ల చివరికి చుట్టుపక్కల పది పన్నెండు గనులు, దాదాపు 25,000 జనం. ప్రపంచ యురేనియం రాజధాని అని బోర్డు కూడా పెట్టుకున్నారు.

చిక్కు ఎక్కడంటే, అంత సరుకునూ కొనేది ప్రధానంగా అమెరికానే, అదీ అణుబాంబుల కోసం. 1959లో అమెరికా, 1962 తర్వాత మాకు మీ యురేనియం అక్కర్లేదని చెప్పేసింది. ఒక్క కబురుతో గనులు వరసగా మూతపడ్డాయి, 1960ల మధ్యకు జనం 7,000 లోపుకి పడిపోయారు. ఆ ప్రాంతం ఎంపీ లెస్టర్ పియర్సన్ 1963లో కెనడా ప్రధాని అయ్యాడు. ఆయన ప్రభుత్వం యురేనియం కొని నిల్వ పెట్టి మిగిలిన గనుల ఊపిరి నిలిపింది. 1970ల్లో ఒంటారియో హైడ్రో, అంటే అక్కడి ప్రభుత్వ కరెంటు సంస్థ, అణు విద్యుత్ కేంద్రాల కోసం పెద్ద కాంట్రాక్టులు రాసుకోవడంతో ఊరు రెండోసారి లేచింది. మళ్లీ కొత్త ఇళ్లు, కొత్త అపార్టుమెంట్లు.

రెండోసారి దెబ్బ కొట్టింది ధర. ఎలియట్ లేక్‌లో టన్ను రాయి తవ్వి నూరితే ఇంచుమించు ఒక కిలో యురేనియం వచ్చేది, సస్కాచ్వాన్ అనే ఇంకో రాష్ట్రంలో బయటపడిన కొత్త గనుల్లో అంతకు ఎన్నో రెట్లు వస్తోంది. ఒంటారియో హైడ్రో కాంట్రాక్టులు రద్దు చేసుకుంది. 1990లో క్వర్క్, ప్యానెల్ గనులు, 1992లో డెనిసన్, చివరగా 1996లో స్టాన్లీ మూతపడ్డాయి.

అసలు విషయం ఇక్కడుంది. గనులు పోయినా ఇళ్లు ఉన్నాయి. కంపెనీలు కార్మికుల కోసం కట్టిన ఇళ్లు, అపార్టుమెంట్లు వందల్లో ఖాళీ అయ్యాయి. పక్కా రోడ్లు, నీళ్లు, ఆస్పత్రి, ఐస్ హాకీ స్టేడియం అన్నీ ఉన్నాయి, ఉండేవాళ్లే లేరు. 1980ల చివర్లోనే కంపెనీలు, ఊరి పెద్దలు కలిసి ఆ ఇళ్లను తక్కువ అద్దెకు రిటైరైనవాళ్లకు ఇవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఆ పనిని రిటైర్మెంట్ లివింగ్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతికిచ్చారు. దక్షిణ ఒంటారియో పట్టణాల్లో ప్రకటనలు వేశారు, వచ్చి చూసి వెళ్లమని పెద్దవాళ్లను పిలిచారు. పెన్షన్ డబ్బు ఉద్యోగం లాంటిది కాదు, గని మూసినా నెలనెలా వస్తుంది, ఆ ఊళ్లోనే ఖర్చవుతుంది. ఆ లెక్క పనిచేసింది. 2021 జనాభా లెక్కల్లో ఊరి జనం 11,372.

ఇదంతా తనంతట తాను జరిగిపోలేదు. అదే కెనడాలో యురేనియం సిటీ అని ఇంకో ఊరుంది, 1982లో గని మూయగానే వేల జనం ఖాళీ చేసి వెళ్లిపోయారు, ఇప్పుడు వంద మంది కూడా లేరు. దానికి ఏడాది పొడవునా నడిచే రోడ్డు లేదు. ఎలియట్ లేక్‌కు రోడ్డుంది, పైగా ఊరిని వదలం అని మొండికేసిన మనుషులున్నారు. సరస్సు అందం మూడో స్థానమే అని నా అభిప్రాయం. ఒంటారియోలో అందమైన సరస్సులకు కొదవేముంది?

ప్రశ్న: వరంగల్‌లో జియాలజీ చదువుతున్నాను. అక్కడ యురేనియాన్ని దొంగచాటుగా కనిపెట్టారని మా సార్ చెప్పారు. నిజమా?

దొంగతనం కాదు, రహస్యం. 1940ల చివర్లోనే ఆ ప్రాంతం రాళ్ల దగ్గర రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్ టకటకా కొట్టుకునేది. తీరా ల్యాబ్‌లో చూస్తే యురేనియం నామమాత్రం. అందరూ వదిలేశారు. ఫ్రాంక్ జూబిన్ అనే జియాలజిస్టు మాత్రం వదల్లేదు. ఆ రాయి గులకరాళ్లు అతుక్కుపోయిన క్వార్ట్జ్ కాంగ్లోమరేట్, వయసు 200 కోట్ల ఏళ్ల పైమాటే, అందులో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. పైరైట్‌కి గాలి, నీళ్లు తగిలితే ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం పైపొరలోని యురేనియాన్ని కడిగేసి ఉంటుంది, కదలని థోరియం అనే ఇంకో రేడియోధార్మిక లోహం మిగిలి కౌంటర్‌ని మోగిస్తోంది, కాబట్టి లోపలికి డ్రిల్ చేస్తే సరుకు ఉండాలి అని ఆయన ఊహ. జోసెఫ్ హిర్ష్‌హార్న్ అనే ఫైనాన్షియర్ డబ్బు పెట్టాడు. 1953లో డ్రిల్ చేశారు, యురేనియం తగిలింది.

ఆ రాతిపొర మ్యాపు మీద జెడ్ అక్షరంలా మెలికలు తిరిగి ఉందని జూబిన్ గుర్తించాడు. సంగతి బయటికి పొక్కితే ప్రతి ఒక్కడూ వచ్చి తవ్వకం హక్కు కోసం హద్దు పెగ్గులు పాతేస్తాడు. అందుకని మనుషుల్ని నీటి మీద దిగే చిన్న విమానాల్లో వేర్వేరు చోట్ల నుంచి అడవిలోకి దించి, కొన్ని వారాలపాటు గుట్టుగా హద్దులు పాతించి, ఆ జులైలో ఒక్కసారిగా 1,400కు పైగా క్లెయిములు, అంటే తవ్వకం హక్కులు, రిజిస్టర్ చేయించారు. సుమారు 56,000 ఎకరాలు! మిగతా కంపెనీలు తేరుకునేసరికి అయిపోయింది. హిర్ష్‌హార్న్ తన వాటా పెద్ద కంపెనీకి అమ్ముకుని గొప్ప ధనవంతుడయ్యాడు. వాషింగ్టన్‌లో ఆయన పేరుతో ఉన్న ఆర్ట్ మ్యూజియం, 1974లో తెరిచారు, ఆయన సేకరించి దేశానికిచ్చిన బొమ్మలతోనే మొదలైంది.

ప్రశ్న: గోదావరిఖని నుంచి రాస్తున్నాను, సింగరేణిలో చేసి దిగిపోయాను. ఇళ్లు, పెన్షన్ల సంగతి సరే. ఆ బాయిల్లో పనిచేసినోళ్లు ఏమయ్యారు? వాళ్ల గురించి ఎవరూ రాయరు.

అన్నా, మీరడిగిందే అన్నిటికంటే ముందు చెప్పాల్సింది.

ఆ రాయిలో ఎక్కువ భాగం క్వార్ట్జ్. డ్రిల్ పెడితే లేచే దుమ్ము సిలికా. పైగా యురేనియం గని కాబట్టి రాడాన్ అనే రేడియోధార్మిక గాలి. ఒకటి ఊపిరితిత్తుల్ని గట్టిపరుస్తుంది, రెండోది క్యాన్సర్ తెస్తుంది. రెండూ ఒకే మనిషి పీల్చాడు. దీనికి విరుగుడని ఇంకో పని చేశారు. షిఫ్టుకు ముందు బట్టలు మార్చుకునే గదిలో తలుపులు మూసి, మెకింటైర్ పౌడర్ అనే నల్లటి అల్యూమినియం పొడిని కంప్రెస్డ్ ఎయిర్‌తో గదినిండా ఊదేవారు. కార్మికులు బెంచీల మీద కూర్చుని దాన్ని బాగా పీల్చి అప్పుడు కిందికి దిగాలి. సిలికా నుంచి కాపాడుతుందని చెప్పారు. ఒంటారియో గనుల్లో 1943 నుంచి 1979 దాకా ఇది సాగింది. ఎలియట్ లేక్ కార్మికులూ పీల్చారు. ఆ పొడికీ, పార్కిన్సన్స్ అనే వణుకు జబ్బుకీ సంబంధం ఉందని ఒంటారియో ప్రభుత్వం పరిహారం నిబంధనల్లో ఒప్పుకునేసరికి 2022 వచ్చింది. ఎంతమంది చేతులు వణుకుతూ, ఎందుకో తెలియకుండానే పోయారో!

1974లో డెనిసన్ గని కార్మికులు, దాదాపు వెయ్యి మంది, యూనియన్ నోటీసు కూడా లేకుండా పని ఆపేశారు. జీతం కోసం కాదు, దుమ్ము కోసం, ఊపిరి కోసం. అదే ఏడాది ఫ్రాన్స్‌లో జరిగిన ఒక సదస్సులో, ఎలియట్ లేక్ కార్మికుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా ఉందన్న లెక్కలు ఒంటారియో అధికారులే చదివి వినిపించారు. ఇంట్లో కార్మికుడికి చెప్పని సంగతి సముద్రం దాటించి చెప్పారన్నమాట. నాకు ఇప్పటికీ ఇది చదివినప్పుడల్లా మనసు మండుతుంది.

ఆ గొడవ వల్లే ప్రభుత్వం జేమ్స్ హామ్ అనే ప్రొఫెసర్‌తో కమిషన్ వేసింది, 1976లో రిపోర్ట్ వచ్చింది. దాని ఆధారంగా వచ్చిన చట్టం 1979లో అమల్లోకి వచ్చింది. పనిలో ప్రమాదమేంటో తెలుసుకునే హక్కు, భద్రత కమిటీలో కూర్చునే హక్కు, ప్రాణాపాయం ఉందనుకుంటే చేయనని చెప్పే హక్కు, ఈ మూడూ ఒంటారియోలో ప్రతి కార్మికుడికీ చట్టంగా వచ్చాయి. ఈరోజు టొరంటో వేర్‌హౌస్‌లో చేసే మన పిల్లలకు ఆ హక్కులున్నాయంటే అందులో ఎలియట్ లేక్ కార్మికుల పోరాటం ఉంది. ఊళ్లో సరస్సు ఒడ్డున గని కార్మికుల స్మారకం కట్టారు.

ప్రశ్న: గుంటూరులో సివిల్ ఇంజనీర్‌ని. అక్కడ షాపింగ్ మాల్ కూలిందని చదివాను, ఈ ఊరేనా?

ఈ ఊరే. ఆల్గో సెంటర్ మాల్, 1980లో కట్టారు, కార్ల పార్కింగ్ పైకప్పు మీద పెట్టారు. వాటర్‌ప్రూఫింగ్ మొదటి నుంచీ సరిగా లేదు. మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు కార్ల టైర్లతో పైకి వచ్చి, నీళ్లతో కలిసి కిందికి కారి, ఉక్కు జాయింట్లను తినేసింది. 32 ఏళ్లు కారుతూనే ఉంది, బకెట్లు పెట్టి నెట్టుకొచ్చారు. యజమానులు మారారు, ఇంజనీర్లు వచ్చి చూసి వెళ్లారు, ఫర్వాలేదన్నారు. 2012 జూన్ 23న ఒక వెల్డింగ్ జాయింట్ తెగి కప్పు లోపలికి పడింది, ఇద్దరు మహిళలు చనిపోయారు. రెస్క్యూ వాళ్లు భవనం ప్రమాదకరంగా ఉందని మధ్యలో పని ఆపితే ఊరంతా తిరగబడింది. గనిలో చిక్కుకున్నవాణ్ని వదిలి రాకూడదన్నది అక్కడి పాత కార్మికుల నరనరానా ఉన్న మాట, మేమే దిగుతాం అని ముందుకొచ్చారు. ముఖ్యమంత్రి హోదాలో ఉండే ప్రీమియర్ కలగజేసుకున్నాక పని మళ్లీ మొదలైంది. 2014లో వచ్చిన విచారణ రిపోర్ట్ తుప్పు కన్నా మనుషుల నిర్లక్ష్యాన్నే గట్టిగా పట్టుకుంది. మీ వృత్తివాళ్లు తప్పక చదవాలి.

ప్రశ్న: మా నాన్నకి 68, అమ్మకి 64. వాళ్లనీ అక్కడికి పంపొచ్చా? (మిస్సిసాగా)

చలికాలంలో ఒకసారి వెళ్లి వారం ఉండి చూడమనండి. స్పెషలిస్టు డాక్టరు కావాలంటే చాలాసార్లు సడ్బరీ దాకా, ఆ మంచు రోడ్డు మీద. తెలుగు మాట వినిపించడం కష్టం. అద్దె తక్కువని మాత్రం పంపకండి.

ప్రశ్న: పులివెందుల దగ్గర రైతును. మాకు తుమ్మలపల్లె యురేనియం ఫ్యాక్టరీ ఉంది, టెయిలింగ్ పాండ్, అంటే వ్యర్థాల చెరువు ఉంది. అక్కడ గనులు మూసేశాక ఆ వ్యర్థాలు ఏం చేశారు? నీళ్లు బాగయ్యాయా?

వ్యర్థాలు ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాయి, 10 కోట్ల టన్నులకు పైనే. గనులు నడిచిన రోజుల్లో ఆమ్లం, రేడియం అనే రేడియోధార్మిక లోహం సర్పెంట్ నదిలోకి దిగి, ఊరి కింది సరస్సుల వరస అంతా దెబ్బతింది, చేపలు చచ్చాయి. నది చివర సర్పెంట్ రివర్ ఫస్ట్ నేషన్ అనే ఆదివాసుల ఊరుంది. యురేనియం తీయడానికి కావలసిన సల్ఫ్యూరిక్ ఆమ్లం ఫ్యాక్టరీని కూడా 1957లో వాళ్ల నేల మీదే పెట్టారు, 1963లో మూసి వెళ్లిపోయారు, చెత్త వాళ్లకు వదిలారు. 1850లో రాసుకున్న ఒప్పందం ప్రకారం ఆ నేల సంపదతోపాటు పెరగాల్సిన భరణం మనిషికి ఏడాదికి 4 డాలర్ల దగ్గరే వందేళ్లకు పైగా ఆగిపోయింది. వాళ్లతో సహా ఆ ఒప్పందంలోని 21 ఆదివాసీ సమాజాలకు 1,000 కోట్ల డాలర్ల సెటిల్మెంట్ 2023లో కుదిరింది.

ఇప్పుడు వ్యర్థాల్లో చాలావాటిని కట్టలు కట్టి నీళ్లలో ముంచి ఉంచుతారు. గాలి తగలకపోతే పైరైట్ ఆమ్లంగా మారదు, అదీ కిటుకు. బయటికొచ్చే నీళ్లలో సున్నం కలిపి ఆమ్లం తగ్గిస్తారు, బేరియం క్లోరైడ్ వేసి రేడియాన్ని అడుగుకు దించుతారు. నీళ్లు చాలా మెరుగయ్యాయి, చేపలు తిరిగొచ్చాయి. కానీ రేడియం సగం తగ్గడానికే 1,600 ఏళ్లు పడుతుంది, అంటే ఆ కట్టలను, ఆ నీటి మట్టాన్ని ఎవరో ఒకరు కాపలా కాస్తూనే ఉండాలి. పాత కంపెనీల వారసులు, అంటే బీహెచ్‌పీ అనే గనుల కంపెనీ కింద ఉన్న రియో ఆల్గమ్, ఇంకా డెనిసన్ కంపెనీ, అణు నియంత్రణ సంస్థ లైసెన్సు కింద ఆ పని చేస్తున్నాయి.

మీ దగ్గర రాయి వేరండి. తుమ్మలపల్లెలో యురేనియం సున్నపురాయి జాతి రాతిలో ఉంది, ఆమ్లంతో కాదు, క్షారంతో తీస్తారు. అందుకని ఎలియట్ లేక్ ఆమ్లం కథ మీకు అలాగే వర్తించదు, నీళ్లలో ముంచడమే మందు అని ఎవరైనా చెప్పినా నమ్మకండి. మీకు చూడాల్సింది పాండ్ అడుగున, గట్లకు వేసిన పొర సరిగా ఉందా, నీళ్లు ఇంకి మీ బోర్లలోకి వస్తున్నాయా అన్నది. బోర్ల నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని మీ చుట్టుపక్కల ఊళ్ల రైతులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ప్రతి బోరు నీళ్లనూ వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి పరీక్ష చేయించి, యురేనియం, సోడియం, సల్ఫేట్ అంకెలను తేదీతో సహా రాసి పెట్టుకోండి. ల్యాబ్ కాగితం ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకుని, పొల్యూషన్ కంట్రోల్ బోర్డుకు జిరాక్స్ పెట్టి అర్జీ ఇవ్వండి, రసీదు మాత్రం తప్పకుండా తీసుకోండి.