వేరు కాపురమా, విడాకులా?

సందేహం: దంపతులకు సలహాలిచ్చే ఒక కరపత్రాన్ని తెలుగులోకి అనువదిస్తున్నాను. లీగల్ సెపరేషన్ (పెళ్లి రద్దు కాకుండా కోర్టు ఉత్తర్వుతో విడిగా ఉండటం), డైవోర్స్ – ఈ రెండిటిలో ఏది ఎంచుకోవాలన్నది అందులోని విషయం. నేను “వేరు కాపురమా, విడాకులా?” అని శీర్షిక పెట్టాను. మా పెద్దాయన “వేరు కాపురం” కొట్టేసి “తాత్కాలిక విడాకులు” అని దిద్దారు. ఏది సరైనది?

సమాధానం: రెండూ కాదు. మీ శీర్షిక చెవికి ఇంపుగానే ఉంది కాని, అర్థం పూర్తిగా తిరగబడింది. వేరు కాపురం అంటే దంపతులు ఒకరికొకరు దూరం కావడం కాదు, ఇద్దరూ కలిసి పెద్దల ఇంటి నుంచి బయటికి వచ్చి సంసారం పెట్టుకోవడం. “పెళ్లయిన ఏడాదికే వేరు కాపురం పెట్టారు” అని వింటే అత్తాకోడళ్లకు పొసగలేదేమో అనుకుంటాం తప్ప, ఆలుమగలు విడిపోయారని ఎవరూ అనుకోరు.

మీ పెద్దాయన దిద్దుబాటు అంతకంటే ప్రమాదం. విడాకుల్లో తాత్కాలికం, శాశ్వతం అని రకాలు లేవు. లీగల్ సెపరేషన్ తాత్కాలికమే కావాలనీ లేదు. తమ మతం విడాకులను ఒప్పుకోదని కొందరు జీవితాంతం అలాగే ఉండిపోతారు. కోపాలు చల్లారాక మళ్లీ కలవవచ్చన్న ఆశతో కొందరు దానితో సరిపెట్టుకుంటారు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, భరణం ఎంత అన్న ప్రశ్నలు రెండు దారుల్లోనూ వస్తాయి. అసలు తేడా ఒక్కటే: సెపరేషన్‌లో పెళ్లి చట్టం దృష్టిలో అలాగే ఉంటుంది. కాబట్టి ఇంకొకరిని పెళ్లాడటానికి వీల్లేదు. ఆ ఉద్దేశం ఉన్నవారికి విడాకులు తప్ప వేరే దారి లేదు. “తాత్కాలిక విడాకులు” అని చదివిన అమాయకుడెవరైనా రెండో పెళ్లికి ముహూర్తం పెట్టించుకుంటే ఆ పాపం కరపత్రానిదే.

ఈ గందరగోళం ఇంగ్లీషులోనూ ఉండేది. ఇంగ్లండులో 1857 వరకు రెండిటినీ విడాకులనే పిలిచేవారు. చర్చి కోర్టులు ఇచ్చే ఒక రకం విడాకులకు లాటిన్‌లో “భోజనపు బల్ల నుంచి, పడక నుంచి” అన్న విశేషణం తగిలించేవారు. కలిసి ఉండనక్కర్లేదు, వివాహబంధం మాత్రం తెగదు. ఆ ఏడాది వచ్చిన చట్టం దాని పేరు మార్చి జుడీషియల్ సెపరేషన్ అంది. మన 1955 హిందూ వివాహ చట్టంలోనూ అదే పేరు 10వ సెక్షన్‌లో కనిపిస్తుంది. విడాకులది 13వ సెక్షన్.

ఆ లాటిన్ మాట చూసినప్పుడల్లా నాకు మన “కంచం పొత్తు, మంచం పొత్తు” గుర్తుకొస్తుంది. సెపరేషన్‌లో తెగేవి ఆ రెండు పొత్తులే. తెలుగు ఈ తేడాను మరో జంట మాటల్లో దాచుకుంది: కాపురం, పెళ్లి. సెపరేషన్‌తో కాపురం ఆగుతుంది, విడాకులతో పెళ్లి రద్దవుతుంది. సెపరేషన్‌లో ఉన్నవారు రాజీపడితే “మళ్లీ కాపురం చేస్తున్నారు” అంటే చాలు. విడాకులైనవారు కలిస్తే “మళ్లీ పెళ్లి చేసుకున్నారు” అనాలి. మీ కరపత్రంలో పేజీల కొద్దీ వివరణ కంటే ఈ రెండు వాక్యాలు పక్కపక్కన వేస్తే పాఠకుడికి త్వరగా అర్థమవుతుంది.

మరి సెపరేషన్‌కు తెలుగు మాట? “వేర్పాటు”ను రాజకీయాలు ఎత్తుకుపోయాయి, ఇంట్లోకి తెస్తే నప్పదు. “విడిపోవడం” అంటే అందులో కోర్టు ప్రమేయం ఉందని తెలియదు. విడాకులైనవారినీ, అలిగి పుట్టింట్లో ఉన్నవారినీ అలాగే అంటాం. “ఎడబాటు”కు విరహపు వాసన ఉంది, నిజమే. అయినా ముందు “చట్టబద్ధ” చేరిస్తే ఆ వాసన చాలావరకు పోతుంది. నా ఓటు “చట్టబద్ధ ఎడబాటు”కే. మొదటిసారి వాడినప్పుడు “కోర్టు ఉత్తర్వుతో భార్యాభర్తలు విడిగా ఉండటం” అని వివరించండి. శీర్షికలో అంత బరువు అక్కర్లేదు. “విడిగా ఉండటమా, విడాకులా?” అనండి. మీరు కోరుకున్న ఇంపూ పోదు.

ఆ ఇంపు ఊరికే రాలేదు, విడిగాలోనూ విడాకుల్లోనూ ఉన్నది ఒకే విడు. విడాకులోని ఆకు తాటాకు, అంటే రాసిచ్చిన పత్రం. తెలుగు బైబిలులోని “పరిత్యాగ పత్రిక” కూడా అచ్చంగా ఇదే. విడాకులు “ఇవ్వడం”, “తీసుకోవడం” అనడానికి కారణం ఈ పత్రమే. ఎడబాటును ఎవరూ ఇవ్వరు, తీసుకోరు. దానికి “ఉత్తర్వు పొందారు” అని రాయండి. అన్నట్టు, మీరు పంపిన పుటలో “విడాకులు మంజూరైంది” అని ఉంది. విడాకులు ఎప్పుడూ బహువచనమే, మంజూరయ్యాయి అనాలి.

చివరి పుటలోని ఫారంలో “మాజీ భర్త / భార్య పేరు” అన్న గడి చూశాను. చట్టబద్ధ ఎడబాటులో ఉన్నవారికి మాజీలు ఉండరు, భర్త భర్తే, భార్య భార్యే. వారికోసం “విడిగా ఉంటున్న భర్త / భార్య పేరు” అని ఇంకో గడి గీయించండి.