సమాధానం: క్రాస్ హ్యాచింగ్ వేస్తే ఒళ్ళంతా మసిలా అయిపోతోంది

తమ్ముడూ, నెల్లూరు దగ్గర మైపాడు బీచ్‌లో వల బాగుచేసుకుంటున్న తాతకి నువ్వు క్రాస్ హ్యాచింగ్‌తో, అంటే గీతల మీద అడ్డంగా ఇంకో వరస గీతలు వేసి నీడ చూపిస్తూ, గీసిన బొమ్మ చూశాను. కూర్చున్న తీరు చక్కగా పట్టావు. వీపు, చేతులు చదునుగా, మసిపట్టినట్టు ఉన్నాయన్నావు కదా, దానికి కారణం నీ పెన్ను కాదు, గీతలు అన్నిచోట్లా ఒకే దట్టంగా, ఒకదానికొకటి నిలువుగా అడ్డంగా 90 డిగ్రీల్లో పడటం. అలా వేస్తే గళ్ళు కనపడతాయి, ఒళ్ళు కనపడదు.

పొద్దున గీశావు, అక్కడ సముద్రం తూర్పున ఉంది కాబట్టి వెలుతురు సముద్రం వైపు నుంచే వస్తుంది. కళ్ళు సగం మూసి చూడు, వెలుగు, నీడ రెండే ముక్కలుగా విడిపోతాయి. నీడ మొత్తానికీ ముందు ఒకే వరస గీతలు పల్చగా వెయ్యి, వెలుగు వైపు కాగితం తెల్లగానే వదిలెయ్, అక్కడ చెయ్యి పెట్టొద్దు. రెండో వరస మొదటి వరసకి 20, 30 డిగ్రీల వాలుతో, వెలుగు నీడలోకి తిరిగే అంచు దగ్గర, చంక కింద మాత్రమే వెయ్యి. నీడలో బయటి అంచు కొంచెం తేలిగ్గా వదులు, ఇసుక మీద పడిన ఎండ అక్కడికి తిరిగి కొడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, చేతి మీద గీత, చేతికి తొడిగిన గాజులా ఒంపు తిరగాలి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1504లో రాగిరేకు మీద చెక్కిన ఆదాము, హవ్వల బొమ్మ నెట్‌లో పెద్దది చేసి చూడు, కండ ఎటు తిరిగితే గీత అటే తిరుగుతుంది.

మళ్ళీ గీసి పెట్టు, ఎండ ఎటునుంచో పక్కన బాణం గుర్తు వెయ్యి, చూసి చెప్తాను.