కంట్లో కొవ్వు పోస్తారా?

సందేహం: సార్, మాది ప్రొద్దుటూరు. మా జేజికి రెటీనా జబ్బు, కొన్ని వారాలకొకసారి కంట్లో ఇంజెక్షన్ వేయిస్తా ఉన్నాం. మొన్న ఒక వార్త చదివి వినిపించినా, 'వయోసంబంధిత నేత్రపటల క్షీణతకు కొవ్వు నానోకణాల కంటిచుక్కలు' అని ఉండాది. జేజి భయపడిపోయి 'ఎవురి కొవ్వు తీసి నా కంట్లో పోస్తారు మే' అనింది. కణం అంటే సెల్లే కదా, మరి ఈ నానోకణం ఏంది? ఆ వాక్యం సరైందేనా?

సమాధానం: వ్యాకరణం చూస్తే ఆ వాక్యంలో వేలు పెట్టేదానికి ఏం లేదమ్మా. కానీ మీ జేజి అనుకున్నదే ఎవరైనా అనుకునేది, ఆమె తప్పేం లేదు.

ముందు కణం సంగతి. ఇది సంస్కృతం మాట, అసలర్థం నలుసు, గింజ ముక్క అని, పరమాణువుల గురించి చెప్పిన కణాదుడి పేర్లో ఉండేది ఆ కణమే. తర్వాత సైన్సు పుస్తకాలు రాసేటప్పుడు మనవాళ్ళు సెల్‌కి కూడా కణమే పెట్టేసినారు, జీవకణం, రక్తకణం అట్ల, పక్క పీరియడ్‌లో ఫిజిక్సు సారేమో పార్టికల్‌కీ కణమే అంటాడు, పిల్లోడు ఏమైపోవాల! అనంతపురం దాటి బళ్ళారి పోతే కన్నడం వాళ్ళకి ఈ తంటా అంత లేదు, సెల్‌ని జీవకోశ అంటారు, కణ అంటే వాళ్ళకి ఎక్కువగా నలుసే. అందుకే మందుల గురించి రాసేటప్పుడు నానోరేణువు అనండి, రేణువుని ఎవరూ సెల్ అనుకోరు. నలుసు అనొచ్చు కదా అంటారేమో, చక్కటి మాటే, కడుపులో బిడ్డ పడినా నలుసు పడిందంటాం, కానీ కంటి మందు దగ్గర మాత్రం వద్దు, కంట్లో నలుసంటే కొంగు అంచు మెలిపెట్టి తీసేదానికి చూస్తారు గానీ దుడ్లిచ్చి ఎవరు పోయించుకుంటారు? ఈ రేణువులు ఇంచుమించు 100 నానోమీటర్లు ఉంటాయి, వెంట్రుక మందాన్ని కొన్ని వందల భాగాలు చేస్తే అందులో ఒకటి.

ఇంక కొవ్వు. ఇంగ్లీషులో లిపిడ్ అనేదాన్ని కొవ్వు అనడం తప్పు కాదు, గ్రీకులో లిపోస్ అంటే కొవ్వే. కానీ మనకి కొవ్వు అనంగానే పొట్టేలు మాంసమన్నా గుర్తొస్తుంది, ఒళ్ళు కొవ్వెక్కినోడన్నా గుర్తొస్తాడు. నూనె, మైనం కూడా లిపిడ్లలోకే వస్తాయి కాబట్టి ఆ మాటని లిపిడ్‌గానే ఉంచేస్తే పోతుంది, కోవిడ్ అప్పుడు ఫైజర్, మోడెర్నా టీకాల్లో అసలు సరుకైన ఎంఆర్‌ఎన్‌ఏని చుట్టింది కూడా లిపిడ్ రేణువుల్లోనే.

ఎందుకు చుట్టాలా అని జేజి అడుగుతుంది, చెప్పాల్సిందే. జమ్మలమడుగులో మా అత్త కంటిమందు పోసుకునేటప్పుడు చూడాల, మంచం మీద ఎల్లకిలా పండుకొని కింది రెప్ప వేలితో లాగి సీసా నొక్కుతుంది, చుక్క తగలంగానే కన్ను గట్టిగా మూసేస్తుంది, మందంతా చెవి దాకా కారిపోతుంది, 'ఈ మందుతో నా చెవికి చూపొస్తుంది లే' అంటుంది. నిజానికి తప్పు ఆమెది కాదు, చుక్క 40, 50 మైక్రోలీటర్లు ఉంటే కన్ను పట్టేది మహా అయితే 30, మిగిలింది బయటికే. పట్టిందాన్ని కూడా కన్నీళ్ళు ముక్కులోకి కడిగేస్తాయి, లోపలికి పోయేది నూటికి 5 పాళ్ళు కూడా ఉండదు, వెనకాల ఉండే రెటీనా దాకా దాదాపు ఏమీ చేరదు. ఇంజెక్షన్ బాధ అందుకే. పైగా కంటి ముందు ఉండే కార్నియా పైపొరకి జిడ్డు అంటే ఇష్టం, దాని కిందిదానికి నీళ్ళంటే ఇష్టం, రెండూ దాటాలంటే మందుని ఊరికే పంపితే కాదు, చేదు మాత్రని బెల్లంలో పెట్టి మింగించినట్టు లిపిడ్‌లో పెట్టి పంపాలని చూస్తున్నారు. వింతేందంటే ఈ జబ్బులో రెటీనా కింద పేరుకునే డ్రూసెన్ అనే పసుపు రంగు ముద్దల్లో కూడా కొవ్వుంటుంది. ఇది జేజికి చెప్పొద్దులే.

ఈ జబ్బులో తడి రకం, పొడి రకం అని రెండుంటాయి, వార్తల్లో వాటిని ఊరికే అట్లే రాసేస్తే పొడి అంటే కన్ను ఎండిపోవడం, తడి అంటే నీళ్ళు కారడం అనుకుంటారు, రెండూ కాదు. తడి అంటే రెటీనా కింద కొత్తగా పుట్టిన రక్తనాళాలు కారడం, ఇంజెక్షన్ ఎక్కువగా దానికే.

నేత్రపటలం బడి పుస్తకంలో మాట, ఆస్పత్రిలో ఎవరూ అనరు, రెటీనా చాలు. తెలుగు చేస్తున్నామని కంటిపొర అని మాత్రం రాయొద్దు, మన ఊర్లల్లో పొర అంటే శుక్లం, ఆపరేషన్ చేసి తీసేసేది, రెటీనాని తీసేస్తారనుకుంటే ఇంకేమన్నా ఉందా! 'వయోసంబంధిత' కూడా అక్కర్లేదు, నలభైలో వచ్చేదానికి చత్వారం అని పేర్లోనే వయసు పెట్టుకున్న వాళ్ళం మనం.

నేనైతే ఇట్ల రాస్తా: 'వయసు మీదపడినాక వచ్చే రెటీనా జబ్బుకి మందుని లిపిడ్ నానోరేణువుల్లో పెట్టి చుక్కల మందుగా ఇవ్వాలని చూస్తున్నారు.' ఆ చివరి 'చూస్తున్నారు' మీ వార్తలో లేదు, క్రియ లేకుండా 'కంటిచుక్కలు' అని ఆపేసరికి రేపు మందులంగట్లో దొరుకుతుందేమో అన్నట్టుంది. ఇంకా పరిశోధనలోనే ఉంది. ఎవరి కొవ్వూ కాదని జేజికి చెప్పండి, ఇంజెక్షన్ తారీఖు మాత్రం దాటనీయొద్దు.