కిరీటం వద్దన్న రాణి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నవల మొదటి అధ్యాయం చదివాను. నీ రాణి అందులోనే “నాకీ సింహాసనం వద్దు” అని మూడుసార్లు అంటోంది. ఒక్కసారి చాలు. ఆమెకు ఏం కావాలో చూపించు. పట్టాభిషేకానికి పిలుపు వచ్చేసరికి ఏ పని సగంలో ఉంది? ఏ పరీక్ష ఇంకా తేలలేదు?

సైన్సు బుర్ర ఉన్న పిల్ల కిరీటానికి ఎందుకు జంకుతుంది? ఆధారం పూర్తిగా చేతికి రాకముందే తీర్పు చెప్పాలి కాబట్టి. నీ నవల ప్రాణం అక్కడుంది.

నీ కథలోని మాయరాయి, ఆ సెగరాయినే తీసుకో. కోటంతటికీ వెచ్చదనమిస్తుంది, కానీ చుట్టుపక్కల పొలాల్లో విత్తులు మొలవడం లేదు. రాణి ఒకే గాదెలోంచి 40 గింజలు తీస్తుంది. 20 రాయి పక్కన, 20 దూరంగా. మట్టి, నీళ్లు, వెలుతురు రెండిటికీ ఒకటే. లెక్క తేలేది ఏడోరోజున. మూడోరోజే మంత్రి సభలో లేచి, “రాయిని పగలగొట్టించాలా వద్దా, ఈ పూటే సెలవివ్వండి” అంటాడు. పగలగొడితే చలికి పసిపిల్లలు పోతారు, ఆగితే విత్తే అదను దాటిపోతుంది. ఈ ఇరకాటాన్ని తొందరగా విప్పకు, అధ్యాయమంతా నడవనీ.

ఏడోరోజున రాయి పక్కన 4, దూరాన 17 మొలిచాయనుకో, ఆమె గెలిచినట్టే. దూరాన కూడా 5 మాత్రమే మొలిస్తే? అప్పుడు విత్తనాల్లోనే పుచ్చుందేమోనన్న అనుమానం వస్తుంది. రాయిని నిందించిన నోటితోనే నిండు సభలో తన మాట వెనక్కి తీసుకోవాలి. నన్నడిగితే ఈ రెండోదే ఎంచుకో. ప్రతి ప్రయోగమూ మొదటిసారే ఫలిస్తే పాఠకుడు దాన్నీ మంత్రమే అనుకుంటాడు.

మాయకు కొలతలు ముందే ఓ కాగితం మీద రాసిపెట్టుకో: ఎంత దూరం పనిచేస్తుంది, ఎంతసేపు, బదులుగా ఏం ఖర్చవుతుంది. సగం కథయ్యాక వాటిని మార్చకు. కొలిచే సాధనాలు ఆ లోకంలోవే కావాలి. పూర్వం మనవాళ్లు అడుగున చిల్లున్న గిన్నెను నీళ్లలో వదిలి, అది మునిగే వ్యవధిని గడియగా, అంటే 24 నిమిషాలుగా లెక్కించేవారు. చల్లటి నీళ్లు చిక్కన, చిల్లులోంచి నెమ్మదిగా ఎక్కుతాయి. సెగరాయి పక్కన అదే గిన్నె త్వరగా మునుగుతుంది, ఆమె కాలం లెక్క తప్పుతుంది. ఇలాంటి పొరపాటు ఆమె స్వయంగా పట్టుకుంటే, తెలివైనదని నువ్వు వేరే చెప్పక్కర్లేదు.

చరిత్రలోనూ ఇలాంటి ఏలికలున్నారు. సమర్‌ఖండ్‌ను ఏలిన ఉలుగ్ బేగ్ 1437 నాటికి వెయ్యికి పైగా నక్షత్రాల పట్టిక తయారుచేయించాడు. 1449లో కన్నకొడుకే అతణ్ణి చంపించాడు. రష్యా రాణి రెండో కేథరిన్ 1768లో మశూచి రాకుండా ఆ పుండ్ల రసినే ముందు తన ఒంట్లోకి ఎక్కించుకుని, ఆ తర్వాతే కొడుక్కి వేయించింది. రాణి ఒళ్లే సాక్ష్యమైన ఘట్టమది. దాని బరువు గమనించు.

ఇంకొకటి, రాణికి పదహారేళ్లంటున్నావు. మరి రాజముద్ర, గాదె తాళాలు, సైన్యం జీతాలు ఎవరి చేతిలో ఉన్నాయి? మంత్రిని మూర్ఖుణ్ణి చేయకు. అతని తొందరకూ న్యాయమైన కారణముండాలి.

మిగతా అధ్యాయాలు తర్వాత చూద్దాం. మూడోరోజు మంత్రికి ఆమె ఏం జవాబు చెప్పిందో, ముందు ఆ ఒక్క పేజీ రాసి పంపు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి