రాయబారి అయ్యాక కాలేజీ అధిపతి: ఆ లెక్క ఇప్పుడే వేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. బ్రిటన్ రాయబారులు రిటైరయ్యాక ఆక్స్‌ఫర్డ్ కాలేజీలకు అధిపతులవుతారని చదివి, తనూ ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) చేసి చివరికి అలాంటి పదవికి వెళ్తానంటోంది. అందుకు ఇంటర్నేషనల్ రిలేషన్స్ డిగ్రీలో చేరుతుందట. పీహెచ్‌డీ చేసి ప్రొఫెసరైతే ఆ పదవి ఖాయం కదా అని నేను. ఏది మేలు?

జవాబు: అమ్మాయి చదివింది నిజమే. ఐక్యరాజ్య సమితిలో బ్రిటన్ రాయబారిగా చేసిన క్రిస్పిన్ టికెల్ 1990లో ఆక్స్‌ఫర్డ్‌లోని గ్రీన్ కాలేజీకి వార్డెన్, అంటే అధిపతి అయ్యారు. ఇటలీలో రాయబారిగా ఉన్న ఐవర్ రాబర్ట్స్ 2006లో ట్రినిటీకి, జపాన్‌లో చేసిన టిమ్ హిచెన్స్ 2018లో వుల్ఫ్‌సన్‌కి ప్రెసిడెంట్లుగా వెళ్లారు. కానీ అది ప్రమోషన్ కాదు. కాలేజీ ఫెలోలే, అంటే అక్కడి పండిత సభ్యులే, తమ అధిపతిని ఎన్నుకుంటారు. పాఠాలు చెప్పడం కన్నా విరాళాలు తేవడం, ఎవరి మాటా వినని పండితుల సమావేశాన్ని నడపడం అక్కడ పెద్ద పని. హుకుం చెల్లని చోట నలుగురినీ ఒక మాట మీదికి తేవడం రాయబారులకు అలవాటే.

మన దగ్గర ఆ దారి ఇరుకు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం యూనివర్సిటీ అధిపతి, అంటే వైస్ ఛాన్సలర్ కావాలంటే ప్రొఫెసర్‌గానో, పేరున్న పరిశోధన లేదా విద్యా పాలన సంస్థలోనో పదేళ్ల అనుభవం ఉండాలి. ఐఎఫ్ఎస్ అధికారి కె.ఆర్. నారాయణన్ 1979లో జేఎన్‌యూ వైస్ ఛాన్సలర్ అయ్యారు, నిజమే. రెండేళ్లు తిరగకుండానే అమెరికాకు రాయబారిగా వెళ్లిపోయారు. కాబట్టి కుర్చీ ఒక్కటే లెక్కయితే మీ దారే దగ్గర. ఖాయం మాత్రం కాదు, ప్రొఫెసర్లందరూ వీసీలవుతున్నారా?

ఇక ఆ డిగ్రీ సంగతి. ఇప్పుడు ప్రతి ప్రైవేటు యూనివర్సిటీ బ్రోషర్లోనూ అదే, వెనకాల జెండాల ఫొటోతో సహా. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. ఐఎఫ్ఎస్‌కి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. విదేశీ భాష ఉద్యోగంలో చేరాక వాళ్లే నేర్పిస్తారు. టికెల్ చదివింది చరిత్ర, హిచెన్స్ ఇంగ్లిష్ సాహిత్యం. నారాయణన్ కూడా మొదట సాహిత్యమే చదివారు. టికెల్ అయితే సర్వీసు మధ్యలో హార్వర్డ్‌లో వాతావరణ మార్పు మీద అధ్యయనం చేసి 1977లో పుస్తకం రాశారు. ఒక విషయాన్ని లోతుగా పట్టుకున్న మనిషికి విద్యాలోకంలో చోటు దొరుకుతుంది. అన్నిట్లోనూ పైపైన తిప్పి వదిలే డిగ్రీతో, సర్వీసు రాకపోతే పిల్ల చేతిలో ఏం మిగులుతుందో అడగండి. అడ్మిషన్ కౌన్సెలర్‌ని కాదు, అక్కడ చదివి బయటికొచ్చిన వాళ్లని.

ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. పదిహేడేళ్ల పిల్ల అరవయ్యో ఏట ఏ కుర్చీలో కూర్చుంటుందో తేల్చమంటున్నారు. తను కల కంటే ముచ్చటే. మీరు దానికి గ్యారంటీ అడగడం ఏమిటి? మీ అసలు టెన్షన్ యూనివర్సిటీ గురించి కాదు. సివిల్స్‌లో ఫెయిలైతే వయసు వృథా అవుతుందని, సెలెక్టయితే దేశాలు పట్టి దూరంగా ఉంటుందని. మొదటిదానికి మందుంది: తనకి నచ్చిన సబ్జెక్టులో గట్టి డిగ్రీ, ఆపైన పీజీ. అప్పుడు సర్వీసు రాకపోయినా మీరు చెప్పే పీహెచ్‌డీ దారి తెరిచే ఉంటుంది. ఐఎఫ్ఎస్ సీట్లు ఏటా కొన్ని పదులే కాబట్టి ఇది అవసరం కూడా. రెండోదానికి నా దగ్గర మందు లేదు, అది మీరు అలవాటు చేసుకోవాల్సిందే.

ఈ వారం అమ్మాయిని ఒకటే అడగండి: పరీక్ష లేకపోయినా ఏ పుస్తకం తెరుస్తావు అని. చరిత్ర అంటే చరిత్ర, ఎకనామిక్స్ అంటే ఎకనామిక్స్. అందులో చేర్పించండి.