13 ఏళ్ల ఫుట్‌బాల్ పిల్లలకు స్ప్రింట్ ఇంటర్వల్ ట్రైనింగ్ మంచిదేనా?

మీవాడికి 13 ఏళ్లు, కోచ్ కొత్తగా స్ప్రింట్ ఇంటర్వల్స్ (అంటే శక్తికొద్దీ ఓ పరుగు, కాస్త రెస్ట్, మళ్లీ పరుగు) మొదలుపెట్టారు, వారానికి ఎన్నిసార్లు అని కదా అడిగారు. రెండుసార్లు చాలు. మధ్యలో కనీసం ఒక రోజు ఎడం ఉండాలి, మ్యాచ్ ముందురోజు వద్దే వద్దు. కానీ అసలు అడగాల్సింది అది కాదండీ. పరుగుకీ పరుగుకీ మధ్య పిల్లల్ని ఎంతసేపు ఖాళీగా ఉంచుతున్నారో అడగండి.

మూడేళ్ల కిందటి మాట. మే నెల, సికింద్రాబాద్‌లో మా ఇంటి దగ్గరి గ్రౌండ్. మావాడికీ అప్పుడు పదమూడే. యూట్యూబ్‌లో ఎవరో కండలవీరుడు చెప్పింది చూసి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని నేనే కోచ్‌గా దిగాను. 30 సెకన్లు పరుగు, 15 సెకన్లు రెస్ట్, పదిసార్లు. అటు నా చెప్పులు, ఇటు వాటర్ బాటిల్ గుర్తులు. మొదటి రెండూ జింకలా పరిగెత్తాడు. నాలుగోసారికి భుజాలు చెవుల దాకా వచ్చేశాయి, కాళ్లీడుస్తున్నాడు. నేనేమో "ఇంకా ఆరే రా, కమాన్" అని అరుస్తున్నాను. ఆరోసారి గోల్‌పోస్ట్ పట్టుకుని, వాళ్లమ్మ వద్దంటున్నా బలం అని నేను తినిపించిన ఇడ్లీలన్నీ అక్కడే కక్కేశాడు.

వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన ఆగాడు. కుర్రతనంలో ఇక్కడి లీగుల్లో ఆడినవాడట. "అరే భాయ్, పిలగాన్ని ఫుట్‌బాల్‌కి తయారు చేస్తున్నవా, కానిస్టేబుల్ రన్నింగ్‌కా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా వచ్చే ఆదివారం రమ్మంటే వెళ్లాను.

ఆ ఆదివారం మావాణ్ణీ ఇంకో కుర్రాణ్ణీ పక్కపక్కన నిలబెట్టి బంతి ముందుకి దొర్లించాడు. ఎవరికి ముందు అందితే వాళ్లది. ఓ 20 మీటర్లు, నాలుగు సెకన్లలో అయిపోయింది. నడుచుకుంటూ వెనక్కి రమ్మని, కూర్చోమన్నాడు. నిమిషమైంది, రెండు నిమిషాలైంది, నాకే టెన్షన్. "ఇంకెప్పుడు సాబ్?" అంటే, "ఆగు, ఇద్దరూ ముచ్చట్లు మొదలుపెట్టాలె" అన్నాడు. వాళ్లు ఏదో సినిమా గురించి నవ్వుకోవడం మొదలుపెట్టాకే మళ్లీ బంతి కదిలింది. ఆరోసారి అడుగు కాస్త నెమ్మదించిందని అక్కడితో ఆపేశాడు. మావాడు ఇంకా కావాలంటున్నాడు!

తర్వాత చదివితే లెక్క తేలింది. అలాంటి చిన్న పరుగుకి ఎక్కువగా ఖర్చయ్యేది కండరంలో నిల్వ ఉన్న క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే తక్షణ ఇంధనం. అర నిమిషంలో సగం దాకా తిరిగొస్తుంది, దాదాపుగా నిండాలంటే మూడు నిమిషాలైనా పడుతుంది. ఈలోపే పరిగెత్తిస్తే అది స్ప్రింట్ కాదు, ఆయాసంతో జాగింగ్. ఆ 30 సెకన్ల పద్ధతి ల్యాబుల్లో సైకిల్ మీద పెద్దవాళ్ల చేత చేయించినది, దానికీ మధ్యలో 4 నిమిషాలు ఇచ్చేవారు. మ్యాచ్‌లో స్ప్రింట్లు చాలావరకు రెండు నుంచి నాలుగు సెకన్లవే. ఇక 30 సెకన్లు ఎవరి కోసం?

కోచ్‌లకి ఇది తెలియదనను. కానీ టర్ఫ్‌కి గంటల లెక్కన అద్దె. పిల్లలు కూర్చుని ముచ్చట్లు పెడుతుంటే, నెట్ బయట నిలబడ్డ నాలాంటి నాన్నలు "ఫీజు కట్టేది కూర్చోబెట్టడానికా?" అంటారు. దాంతో ముందు కోత పడేది రెస్ట్‌కే. పోనీ మట్టి గ్రౌండ్‌కి పోదామంటే గేటుకి తాళం, లేదా ఒకేసారి నాలుగు క్రికెట్ మ్యాచ్‌లు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్ జట్టుని నాలుగో స్థానానికీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణానికీ తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ ఈ హైదరాబాద్ వాడే, అదీ స్కూల్ మాస్టారు. ఇప్పుడు ఇదే ఊళ్లో పీటీ పీరియడ్‌కి లెక్కల సార్ వచ్చేస్తున్నాడు.

ఒక్కటి మాత్రం చూసుకోండి. మీవాడు ఈ ఏడాది సర్రున పొడుగవుతుంటే, మోకాలి చిప్ప కింద నొప్పనో, మడమ నొప్పనో అంటున్నాడేమో గమనించండి. అలా అంటుంటే స్ప్రింట్లు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. మావాడు అలా అన్నప్పుడు నేను రెండు నెలలు జండూబామ్ రాసి ఊరుకున్నాను.

మావాడికిప్పుడు 16. వారానికి రెండుసార్లు అదే బంతి పరుగు. నన్ను మాత్రం గేటు దాటి లోపలికి రానివ్వడు. ఎదురుగా ఇరానీ కేఫ్‌లో కూర్చుంటాను.